యోహాను, జాన్, ఇవాన్: ఒకే పేరు ఇన్ని దేశాలు ఎలా తిరిగింది?

మీరు అడిగినవి మూడు. తాతగారి పేరు యోహాను కాబట్టి బాబుకు ఇవాన్ అని పెడితే ఆయన పేరు పెట్టినట్టేనా? జాన్, హువాన్, ఇయాన్, జాక్ కూడా ఇదే పేరంటారు, నిజమా? బైబిల్లో వందల పేర్లుండగా ఇదొక్కటే ఇంతలా ఎందుకు పాకింది? మొదటి రెండింటికీ జవాబు అవును. మూడోదానికి కాస్త ఓపిక కావాలి. "దాని అర్థం బాగుంటుంది, అందుకే" అని చాలామంది తేల్చేస్తారు గానీ, అర్థం బాగున్న పేర్లు బైబిల్ నిండా ఉన్నాయి. వాటిలో చాలావాటిని ఎవరూ పెట్టుకోలేదు.

మూలం హీబ్రూ. పూర్తి రూపం యెహోహానాన్, వాడుకలో కుదించి యోహానాన్. మొదటి ముక్క దేవుని పేరు, రెండోది "దయ చూపాడు" అనే క్రియ. కలిపితే "యెహోవా దయ చూపాడు". అదే ధాతువు నుంచి హన్నా, అన్న, హనన్యా కూడా వచ్చాయి. అంటే సమూయేలు తల్లికీ జెకర్యా కొడుకుకీ పేర్లలో చుట్టరికం ఉంది.

ఇక్కడే ఒక అపోహ తీర్చేస్తాను. జాన్ అంటే జోనాథన్‌కి పొట్టి పేరు అనుకునేవాళ్లు చాలామంది. యోనాతాను వేరే పేరు, "యెహోవా ఇచ్చాడు" అని అర్థం. యిర్మీయా గ్రంథం 40వ అధ్యాయంలో కారేహ కొడుకులుగా యోహానాను, యోనాతాను ఇద్దరూ పక్కపక్కనే కనిపిస్తారు. క్రీ.పూ. రెండో శతాబ్దంలో యూదుల తిరుగుబాటు నడిపిన మక్కబీయుల కుటుంబంలోనూ అంతే. మత్తతియ అయిదుగురు కొడుకుల్లో ఒకడు యోహానాన్, ఇంకొకడు యోనాతాన్. ఒకే తండ్రి ఇద్దరు కొడుకులకు ఒకే పేరు పెట్టడు కదా. (ఇంగ్లండ్‌లో పెట్టారు. ఆ సంగతి తర్వాత చెబుతాను.) యోనా ఈ రెండింటికీ సంబంధం లేని మూడో పేరు, పావురం అని అర్థం.

యేసు కాలానికి యూదయలో యోహానాన్ బాగా వాడుకలో ఉన్న పేరు. శాసనాలు, సమాధి పెట్టెలు, ఆనాటి యూదు చరిత్రకారుడు జోసీఫస్ రచనలు, సువార్తలు అన్నీ కలిపి పేర్లు లెక్కపెట్టిన పండితులు మగవాళ్ల పేర్లలో సీమోను, యోసేపు, లాజరు, యూదా తర్వాత దీన్ని అయిదో స్థానంలో ఉంచారు. దీనికి చాలావరకు కారణం హస్మోనియన్ రాజవంశం, అంటే పైన చెప్పిన మక్కబీయుల వంశమే. ఆ ఇంటి అన్నదమ్ముల పేర్లనే జనం తరతరాలుగా పిల్లలకు పెట్టుకున్నారు. ఆ వంశంలోనే జాన్ హిర్కానస్ క్రీ.పూ. 134 నుంచి 104 వరకు పాలించాడు. ఆ పేర్లలో దేశభక్తి కూడా ఉండేది, పైన రోమన్లున్నారు కాబట్టి.

ఆ కాలపు యోహానాన్ ఒకడి గురించి తెలిస్తే ఒళ్లు జలదరిస్తుంది. 1968లో యెరూషలేము ఉత్తరాన గివాత్ హ-మివ్తార్ అనే చోట ఇళ్లు కట్టడానికి నేల తవ్వుతుంటే ఒకటో శతాబ్దపు సమాధి బయటపడింది. అందులోని సున్నపురాయి ఎముకల పెట్టె మీద యెహోహానాన్ అని గీకి ఉంది. లోపల ఒక మడమ ఎముక, దానిలోంచి దూసుకుపోయిన ఇనుప మేకు. మేకు పొడవు దాదాపు 11.5 సెంటీమీటర్లు. మొన వంగిపోవడంతో శవం నుంచి దాన్ని పీకడం కుదరక అలాగే పాతిపెట్టారు. సిలువ వేయబడ్డ మనిషి ఎముకల్లో పురావస్తు శాస్త్రవేత్తలకు దొరికిన మొదటి గట్టి సాక్ష్యం అదే. ఆ మనిషికీ క్రైస్తవానికీ ఏ సంబంధమూ లేదు. అప్పటికి అది వీధికి ఒకరుండే పేరు, అంతే.

ఇది గుర్తుపెట్టుకుని లూకా మొదటి అధ్యాయం చదవండి. ఎలీసబెతు బిడ్డకు ఎనిమిదో రోజున ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి తండ్రి పేరే, జెకర్యా అనే పెడదామంటారు. తల్లి వద్దు, యోహాను అనాలి అంటుంది. మీ బంధువుల్లో ఆ పేరుగలవాళ్లు ఎవరూ లేరు కదా అని వాళ్ల అభ్యంతరం. మాట పడిపోయిన తండ్రి పలక తెప్పించుకుని, పేరు యోహాను అని రాస్తాడు. పేరు వింతగా ఉందని ఎవరూ అనలేదు, వాళ్ల ఇంట్లో ఉన్న పేరు కాదని మాత్రమే అన్నారు. తాత పేరా, తల్లి కోరిన పేరా అనే పేచీ మీ ఇంట్లో మొదలైంది కాదు లెండి.

కొత్త నిబంధనలోనే కనీసం నలుగురు యోహానులున్నారు. బాప్తిస్మమిచ్చినవాడు, జెబెదయి కొడుకైన అపొస్తలుడు, మార్కు అనే మారుపేరుగల యోహాను, అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో ప్రధానయాజకుని బంధువు. పేతురు తండ్రి పేరు కూడా నాలుగో సువార్తలో యోహానే. ఈ రద్దీ వల్లే ప్రకటన గ్రంథం రాసిన యోహాను ఎవరన్న వాదన పుట్టింది. మూడో శతాబ్దపు అలెగ్జాండ్రియా బిషప్ డయొనీసియస్ ఆ గ్రంథకర్త అపొస్తలుడు కాడు, మరో యోహాను అని వాదిస్తూ రెండు విషయాలు చెప్పాడు. ఎఫెసులో యోహాను సమాధులని రెండు ఉన్నాయంటారు. అపొస్తలుడి మీద ప్రేమతో చాలామంది యోహాను అని పెట్టుకుంటున్నారు, విశ్వాసులు పిల్లలకు పౌలు, పేతురు అని పెడుతున్నట్టే. ఈ మాటలు యూసేబియస్ రాసిన చర్చి చరిత్రలో భద్రంగా ఉన్నాయి. ఈ పేరు యూదుల ఇళ్లలోంచి క్రైస్తవుల ఇళ్లలోకి దాటడం మనకు స్పష్టంగా కనిపించే చోటు ఇదేనని నేను అనుకుంటాను.

అయితే దీన్ని చూసి తొలి క్రైస్తవులంతా బైబిల్ పేర్లు పెట్టుకున్నారనుకుంటే పొరపాటు. శతాబ్దాల పాటు వాళ్లు చుట్టుపక్కల వాళ్ల పేర్లే పెట్టుకున్నారు, అందులో గ్రీకు దేవతల పేర్లు కూడా ఉండేవి. నాలుగో శతాబ్దం చివర్లో కూడా ప్రసంగాల్లో దీని మీద కోప్పడాల్సి వచ్చింది. కోప్పడింది ఎవరో కాదు, మరో యోహాను: "బంగారు నోరు" అని బిరుదున్న జాన్ క్రిసోస్తొమ్. అప్పటి ఒక ఆచారాన్ని ఆయన వర్ణించాడు. బిడ్డకు పేరు పెట్టేటప్పుడు కొన్ని దీపాలు వెలిగించి ఒక్కోదానికి ఒక్కో పేరు పెడతారట. ఏ దీపం ఎక్కువసేపు వెలిగితే ఆ పేరు బిడ్డకు, ఆయుష్షు బాగుంటుందని. అవన్నీ మానేసి పరిశుద్ధుల పేర్లు పెట్టండని ఆయన పోరు. ముత్తాతల పేర్ల మోజు కూడా వదులుకోండన్నాడు. ఆ మాట మీ ఇంట్లో పెద్దవాళ్ల ముందు ఎత్తకపోవడమే మంచిది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఒకటో శతాబ్దంలో యోహానాన్ కంటే సీమోను, యోసేపు, యూదా ఎక్కువ వాడుకలో ఉన్న పేర్లు. యూదా అనే పేరును యేసును పట్టిచ్చిన ఇస్కరియోతు యూదా ముంచేశాడు. సీమోను చాలావరకు పేతురులో కలిసిపోయాడు. మరి యోసేపు? యేసును పెంచిన తండ్రి పేరు, పాత నిబంధనలోనూ ఉన్న పేరు, మచ్చలేని పేరు. అయినా మధ్యయుగపు పశ్చిమ ఐరోపాలో యోసేపులు చాలా తక్కువ. కారణం నాకు తెలిసినంతలో ఒక్కటే: చర్చి క్యాలెండర్‌లో ఆయనకు చోటు ఆలస్యంగా దొరికింది. రోమన్ క్యాలెండర్‌లోకి ఆయన పండుగ 1479లో వచ్చింది. ఆ తర్వాతే జోసెఫ్, జుజెప్పె, హోసే అనే పేర్లు పుంజుకున్నాయి. పేరు నిలబడాలంటే ఏడాదిలో దానికి ఒక రోజు కావాలి. యోహానుకు రెండు పెద్ద రోజులున్నాయి, పైగా వాటి మధ్య ఆరు నెలల ఎడం ఉంది.

జూన్ 24 బాప్తిస్మమిచ్చిన యోహాను పుట్టినరోజు. డిసెంబరు 27 సువార్తికుడైన యోహాను పండుగ. గబ్రియేలు మరియతో మాట్లాడేనాటికి ఎలీసబెతుకు ఆరో నెల అని లూకా చెప్పాడు కాబట్టి క్రిస్మస్ నుంచి ఆరు నెలలు వెనక్కి లెక్కేస్తే జూన్ 24 వచ్చింది. చర్చి మామూలుగా పునీతులకు జరిపేది మరణించిన రోజు. పుట్టినరోజు పండుగ యేసుకు, మరియకు, ఈయనకు మాత్రమే. పైగా ఆ తేదీ ఉత్తరాది దేశాల్లో అతి పొడవైన పగటికి ఆనుకుని ఉంటుంది. అక్కడి నుంచి పగలు తగ్గుతూ పోతుంది, క్రిస్మస్ నుంచి పెరుగుతూ వస్తుంది. "ఆయన హెచ్చవలసి ఉంది, నేను తగ్గవలసి ఉంది" అని యోహాను అన్న మాటకు బిషప్ అగస్టీన్ ఈ పొద్దు లెక్కను జోడించి ప్రసంగించాడు. ఐరోపా పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న నడివేసవి మంటల పండుగ కూడా యోహాను పేరు మీదికి మారింది. లాత్వియాలో ఆ పండుగ పేరే యాని. యానిస్ అని పేరున్న ప్రతివాడికీ అది సొంత పండుగ.

ఆ రోజు పాడే లాటిన్ కీర్తన ఒకటి ఇంకో దారిలో మనదాకా వచ్చింది. దానిలో ఒక్కో పాదభాగం ఒక్కో స్వరం ఎత్తు నుంచి మొదలవుతుంది. 11వ శతాబ్దంలో గ్విడో అనే సన్యాసి ఆ మొదటి అక్షరాలను తీసుకుని ఉత్, రె, మి, ఫ, సోల్, ల అని స్వరాలకు పేర్లు పెట్టాడు. ఉత్ తర్వాత దో అయింది. ఏడో స్వరం "సి"ని తర్వాతివాళ్లు కీర్తన చివరి పాదం నుంచి తీశారు, అది సాంక్తె ఇయోహన్నెస్ అనే రెండు మాటల మొదటి అక్షరాలు. కీబోర్డు నేర్చుకునే పిల్లలు పాడే స్వరాల్లో యోహాను పొడి అక్షరాలున్నాయన్నమాట.

ఆ పొడి అక్షరం "జె" కాకుండా "ఐ" అయిందేమిటని అడగొచ్చు. ఇన్ని రూపాలు ఎలా పుట్టాయో తెలిసేది అక్కడే. గ్రీకు లిపిలో మాట మధ్య "హ" రాయడానికి అక్షరం లేదు. అందువల్ల యోహానాన్ కాస్తా ఇయోఆన్నెస్ అయింది, చివర్న గ్రీకు మగపేర్ల తోక ఒకటి తగిలింది. లాటిన్ రాతగాళ్లు ఆ "హ"ను మళ్లీ తెచ్చి మధ్యలో పెట్టారు: ఇయోహన్నెస్. లాటిన్‌లో మొదటి అక్షరం "ఐ", పలికేది "య". పాత ఫ్రెంచి నోట్లో ఆ య "జ"గా మారి జెహాన్ అయింది. 1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్లు దాన్ని అక్కడికి తీసుకెళ్లారు. "ఐ" నుంచి "జె" విడిపోయి సొంత అక్షరంగా స్థిరపడటానికి 17వ శతాబ్దం దాకా పట్టింది. 1611లో అచ్చయిన ఇంగ్లిష్ బైబిల్లో కూడా ఈ పేరు "ఐ"తోనే మొదలవుతుంది. ఇంగ్లిష్‌లో జాన్ అని రాసేటప్పుడు పలకని "హెచ్" ఒకటి ఉంటుంది చూడండి, హీబ్రూలో దయ అనే మాటకు మొదటి హల్లు అదే. గ్రీకులో పోయి, లాటిన్ రాతలో తిరిగొచ్చి, ఇంగ్లిష్‌లో నోరు మూసుకుని కూర్చుంది.

ఎవరు ఏ దారిలో తెచ్చారన్నదాన్ని బట్టి రూపం మారింది. ఐర్లండ్‌లో ఇది బాగా తెలుస్తుంది. అక్కడ ఈ పేరుకు రెండు రూపాలు, ఓయిన్, షాన్. ఓయిన్ తొలినాటి క్రైస్తవం వెంట లాటిన్ నుంచి నేరుగా వచ్చింది. షాన్ నార్మన్ల జెహాన్ నుంచి వచ్చింది. వేల్స్‌లోనూ అంతే, పాత రూపం యెయన్, దాని నుంచి ఇవన్, ఎవన్. ఇంగ్లిష్ జాన్‌ను విని చేసుకున్న రూపం షోన్. స్కాట్లండ్ వాళ్లది ఇయాన్. జర్మన్లు యోహన్నెస్ ముందు భాగం ఉంచి యోహాన్ అన్నారు, వెనక భాగం ఉంచి హాన్స్ అన్నారు. డచ్, పోలిష్, చెక్ వాళ్లకు యాన్, హంగరీలో యానోష్, ఇటలీలో జొవాన్ని, పోర్చుగల్‌లో జువావ్, ఫిన్లండ్‌లో యుహాని, ఆర్మీనియాలో హొవానెస్. స్పెయిన్‌లో "జె" శబ్దం 16, 17 శతాబ్దాల్లో గొంతులోకి దిగిపోయి హువాన్ అయింది.

మీకు కావలసిన ఇవాన్ గ్రీకు వైపు నుంచి వచ్చింది. 9వ శతాబ్దంలో సిరిల్, మెథోడియస్ అన్నదమ్ములు స్లావ్ భాషలోకి ఆరాధన తెచ్చారు. 988లో కీవ్ రాజ్యం బాప్తిస్మం తీసుకుంది. గుడి భాషలో పేరు ఇయోఆన్ అనే ఉండిపోయింది, జనం నోట్లో ఇవాన్ అయింది. ఇవాన్ అని పిలిచే మనిషికి రష్యన్ చర్చిలో బాప్తిస్మం ఇచ్చేటప్పుడు పూజారి ఇయోఆన్ అంటాడు. మీ సందేహానికి ఇంతకంటే సూటి జవాబు లేదు: ఇంట్లో పిలిచే పేరు ఇవాన్, గుడిలో పిలిచే పేరు యోహాను, మనిషి ఒక్కడే.

రష్యాలో ఇవాన్లు అంతమంది ఎందుకంటే అది పూజారి క్యాలెండర్ మహిమ. పేరు తల్లిదండ్రుల ఇష్టాన్ని బట్టి కాకుండా, బిడ్డ పుట్టిన రోజుకు దగ్గర్లో ఏ పునీతుడి పండుగ ఉందో చూసి పెట్టేవారు. ఆర్థడాక్స్ క్యాలెండర్‌లో యోహాను పేరున్న పునీతుల తేదీలు డజన్ల కొద్దీ ఉన్నాయి. ఏ నెలలో పుట్టినా ఒక ఇయోఆన్ దగ్గర్లోనే దొరుకుతాడు. ఆ యోహానులంతా ముందటి యోహానుల పేరు పెట్టుకున్నవాళ్లే. పేరున్నవాళ్లు ఎక్కువైతే వాళ్లలోంచి పునీతులయ్యేవాళ్లూ ఎక్కువవుతారు, పునీతులు ఎక్కువైతే తేదీలు పెరుగుతాయి, తేదీలు పెరిగితే మళ్లీ పేర్లు పెరుగుతాయి. అప్పుకు వడ్డీ చక్రవడ్డీ పెరిగినట్టు ఈ పేరు పెరిగింది.

ఇంగ్లండ్ కథ మాత్రం జ్ఞానపితల కథ. 1066కు ముందు అక్కడ ఎడ్వర్డ్, గాడ్విన్, ఆల్ఫ్రిక్ లాంటి సొంత పేర్లుండేవి, జాన్లు అరుదు. నార్మన్లు వచ్చాక ఆ పాత పేర్లు మూడు నాలుగు తరాల్లో దాదాపు కొట్టుకుపోయాయి. బాప్తిస్మంలో బిడ్డను ఎత్తుకున్న జ్ఞానపిత తన పేరే బిడ్డకు ఇచ్చే అలవాటు పాతుకుంది. అలాంటి పద్ధతిలో ఉన్నవాటికే మళ్లీ మళ్లీ వంతు వస్తుంది, కొత్త పేరుకు లోపలికి దారి ఉండదు. 14వ శతాబ్దం చివరి తలపన్ను జాబితాల్లో మగవాళ్లలో దాదాపు మూడో వంతు జాన్లే. మధ్యలో జాన్ అనే రాజొకడు 1199 నుంచి 1216 వరకు పాలించి, సామంతుల తిరుగుబాటు ఎదుర్కొని, 1215లో రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా అనే ఒప్పందానికి తలొగ్గాడు. ఆయన తర్వాత ఇంగ్లండ్ సింహాసనం మీద ఇంకో జాన్ కూర్చోలేదు. ఊళ్లలో మాత్రం ఆ పేరు ఇసుమంత తగ్గలేదు. చెడ్డరాజు వల్ల పేరు చెడుతుందనే వాదన ఇక్కడ నిలవదు.

ముందు చెబుతానన్న అన్నదమ్ముల సంగతి ఇదిగో. నార్ఫోక్‌లో పాస్టన్ కుటుంబం రాసుకున్న ఉత్తరాలు 15వ శతాబ్దపు ఇంగ్లండ్ గురించి తెలుసుకోవడానికి పెద్ద ఆధారం. తండ్రి జాన్ పాస్టన్. 1442లో పుట్టిన పెద్దకొడుకు జాన్ పాస్టన్. 1444లో పుట్టిన రెండోవాడూ జాన్ పాస్టనే. ఇద్దరూ బతికి, పెద్దవాళ్లై, ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు. చదివే చరిత్రకారులు తికమక పడలేక వాళ్లకు రెండో జాన్, మూడో జాన్ అని రాజుల్లా నంబర్లు వేశారు.

ఊళ్లో ముగ్గురిలో ఒకడు జాన్ అయితే కేకేస్తే ఎంతమంది తిరిగి చూస్తారో చెప్పక్కర్లేదు. ముద్దుపేర్లు, ఇంటిపేర్లు కుప్పలుగా పుట్టింది అందుకే. జాన్సన్, జోన్స్, జాక్సన్, జెన్కిన్స్, జెన్నింగ్స్, హాన్సన్, హాన్‌కాక్, ఎవాన్స్, బెవన్ అన్నీ యోహాను సంతతే. వేల్స్‌లో ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు జోన్స్. విచిత్రమేమిటంటే సంప్రదాయ వెల్ష్ అక్షరమాలలో "జె" అనే అక్షరమే లేదు. డెన్మార్క్ యెన్సెన్, స్వీడన్ యోహాన్సన్, సెర్బియా యొవానొవిచ్, బల్గేరియా ఇవానోవ్, ఆర్మీనియా హొవానిస్యన్, స్పెయిన్ ఇబానెజ్ కూడా ఇవే.

జాక్ గురించి కూడా అడిగారు. చూడగానే ఫ్రెంచి జాక్, అంటే యాకోబు, అనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో అది జాన్‌కి ముద్దుపేరు. జాన్‌కు "కిన్" అనే ముద్దు తోక చేరి జాంకిన్, అది అరిగి జాకిన్, చివరికి జాక్. మధ్యయుగపు పత్రాల్లో ఒకే మనిషిని ఒకచోట జాన్ అనీ, ఇంకోచోట జాక్ అనీ రాశారు కాబట్టి దీనిలో పెద్దగా సందేహం లేదు. అందరికీ ఉన్న పేరు కావడంతో జాక్ అంటే "ఎవడో ఒక పనివాడు" అని అర్థం వచ్చింది. తర్వాత పనివాడి బదులు పని చేసే సాధనానికి కూడా ఆ పేరే అంటింది. కారు టైరు మార్చేటప్పుడు బండిని లేపే జాకీ అక్కడి నుంచే వచ్చింది. గుర్రప్పందాల జాకీ వేరే దారిలో, జాక్‌కు స్కాట్లండ్ రూపమైన జొక్ నుంచి వచ్చాడు. రెండు జాకీలూ చివరికి యోహాను దగ్గరే తేలాయి.

పోపుల జాబితాలో యోహానులది పెద్ద గందరగోళం. 533లో మెర్క్యూరియస్ అనే ఆయన పోపుగా ఎన్నికయ్యాడు. రోమన్ దేవుడి పేరుతో పోపుగా ఉండటం బాగోదని రెండో జాన్ అని పేరు మార్చుకున్నాడు. పోపులు పేరు మార్చుకునే ఆనవాయితీకి తొలి ఉదాహరణ అదే. తర్వాత లెక్క తప్పి 1276లో ఎన్నికైన ఆయన 21వ జాన్ అనిపించుకున్నాడు. 20వ జాన్ అనే పోపు అసలు లేడు. 1410లో పోటీ పోపుల కాలంలో ఒకాయన 23వ జాన్ అన్నాడు, 1415లో కాన్‌స్టన్స్‌లో జరిగిన చర్చి పెద్దల సభ ఆయన్ని దింపేసింది. దాంతో అయిదు వందల ఏళ్లకు పైగా ఆ పేరు జోలికి ఎవరూ పోలేదు. 1958లో పోపుగా ఎన్నికైన రొంకాల్లి అదే పేరు, అదే 23 అంకె తీసుకుని ఆ చిక్కు తెంచేశాడు. కారణం ఆయనే చెప్పాడు: అది మా నాన్న పేరు, నేను బాప్తిస్మం పొందిన గుడి పేరు. పోపైనా తండ్రి పేరే పెట్టుకున్నాడు చూడండి.

నావికులతో ఈ పేరు సముద్రాలు దాటింది, మళ్లీ క్యాలెండర్ పట్టుకునే. 1604 జూన్ 24న ఫ్రెంచి అన్వేషకుడు షాంప్లేన్ కెనడాలో ఒక నది ముఖద్వారం చేరాడు, అది సెయింట్ జాన్ నది అయింది. ప్యూర్టో రికో దీవికి స్పెయిన్ వాళ్లు మొదట పెట్టిన పేరు సాన్ హువాన్ బౌతిస్తా. తర్వాత ఆ పేరు రాజధానికి పోయి, రాజధాని పేరు దీవికి వచ్చింది. 1886లో పుట్టిన జొహన్నెస్‌బర్గ్ ఏ యోహన్నెస్ పేరు మీద కట్టారన్నది ఇప్పటికీ తేలలేదు, అప్పటి అధికారుల్లో ఆ పేరున్నవాళ్లు ఒకరికి మించి ఉన్నారు మరి.

తూర్పు వైపు కథ పడమర నుంచి రాలేదు. తూర్పు క్రైస్తవుల ఆరాధన భాష సిరియాక్‌లో యుహనాన్, ఇతియోపియాలో యొహన్నెస్. ఖురాన్‌లో జెకర్యా కొడుకు యహ్యా, ఇంతకుముందు ఎవరికీ ఈ పేరు ఇవ్వలేదని దేవుడు చెప్పినట్టు 19వ సూరాలో ఉంది. దమాస్కస్ ఉమయ్యద్ మసీదులో ఆయన తల ఉందని నమ్మే సమాధి మందిరాన్ని ముస్లింలు గౌరవిస్తారు. అరబ్బు క్రైస్తవులు మాత్రం యుహన్నా అంటారు. కేరళ సిరియన్ క్రైస్తవుల్లో యోహన్నాన్, ఉలహన్నాన్ ఉన్నారు. తమిళ కతోలికులు అర్థాన్ని పట్టుకున్నారు, అరుళ్ అంటే దయ కాబట్టి యోహాను అరుళప్పర్ అయ్యాడు. 1693లో ఓరియూరులో శిరచ్ఛేదం పొందిన పోర్చుగీసు గురువు జాన్ డి బ్రిట్టోను వాళ్లు అరుళానందర్ అంటారు. తెలుగు బైబిల్లో యోహాను "హ"తో సహా నిలిచాడు, ఇంగ్లిష్ బడుల వెంట జాన్ వేరుగా వచ్చాడు.

ఆడపేర్లు క్లుప్తంగా చెబుతాను. లూకా 8వ అధ్యాయంలో హేరోదు గృహనిర్వాహకుడు కూజా భార్య పేరు యోహన్న. జొవన్నా, జేన్, జోన్, జీన్, జానెట్, హువానా, ఇవానా, యానా అన్నీ ఆ వైపు పేర్లే.

ప్రొటెస్టెంట్ ఉద్యమం పునీతుల పండుగల్ని పక్కన పెట్టినప్పుడు చాలా పేర్లు దెబ్బతిన్నాయి. ఈ పేరుకు ఏమీ కాలేదు, కతోలికులకు అది పునీతుడి పేరు, ప్రొటెస్టెంట్లకు బైబిల్ పేరు. ఆ ఉద్యమ నాయకులు కాల్విన్, నాక్స్ ఇద్దరూ యోహానులే. దెబ్బ తగిలింది 20వ శతాబ్దంలో, తల్లిదండ్రులు ఇంట్లో ఉన్న పేరు కాకుండా ఎక్కడా లేని పేరు వెతకడం మొదలుపెట్టాక. అమెరికా ప్రభుత్వ లెక్కల్లో 1880లో నూరుమంది మగపిల్లల్లో ఎనిమిదిమంది జాన్లు. 1923 దాకా అదే మొదటి స్థానం, 1924లో రాబర్ట్ దాన్ని దాటాడు. ఫ్రాన్స్‌లో 1803 నాటి చట్టం పేర్లను క్యాలెండర్‌కూ ప్రాచీన చరిత్రకూ కట్టేసి ఉంచింది, 1993లో ఆ కట్టు పోయింది. అయితే పేరు నిజంగా పోయిందా అంటే నేను ఒప్పుకోను. ఇంగ్లండ్‌లో జాన్ వెనకబడ్డాక 1990ల మధ్య నుంచి 2008 వరకు మొదటి స్థానంలో ఉన్నది జాక్. ఇయాన్, షాన్, ఇవాన్, ఎవన్ అన్నీ కొత్త పేర్లనుకుని పెడుతున్నారు.

ఇక మీ బాబు విషయం. ఇవాన్ అని పెట్టండి, నిస్సంకోచంగా. బాప్తిస్మం రిజిస్టర్‌లో యోహాను అని, మిగతా కాగితాల్లో ఇవాన్ అని పెట్టే ఆలోచన ఉంటే మాత్రం ముందే ఆగి చూసుకోండి. రెండు కాగితాల్లో రెండు పేర్లుంటే రేపు పాస్‌పోర్టు దగ్గరో, పెళ్లి సర్టిఫికెట్ దగ్గరో టెన్షన్ మీదే. ఇవాన్ యోహాను అని రెండూ కలిపి ఒకే పేరుగా అన్నిచోట్లా రాయించడం తేలిక. ఇంగ్లిష్ స్పెల్లింగ్ కూడా ఇప్పుడే ఖాయం చేసుకోండి. "ఐ"తో రాస్తే స్లావ్ ఇవాన్, "ఇ"తో రాస్తే వెల్ష్ ఎవన్, రెండూ యోహానులే. "ఇ" తర్వాత "డబ్ల్యు" వచ్చే యూవన్, "ఓ"తో మొదలయ్యే ఓవెన్ మాత్రం వేరే మూలం నుంచి వచ్చిన పేర్లు, శబ్దం దగ్గరగా ఉందని వాటిని తీసుకుంటే తాతగారి పేరు పెట్టినట్టు కాదు.